రంగు డబ్బా చిల్లు

అదొక మేడ. ఆ మేడ మీద రెండు ఇటుకల ఎత్తున ఒక పాత రంగు డబ్బా. డబ్బాలో మట్టి, మట్టిలో బచ్చలి తీగ, దాని వేళ్ల మధ్య ఒక ముసలి వానపాము కాపురం. తీగను పెంచేది మాత్రం తానేనని ఆ మేడ మీద తిరిగే ఒక ఉడుత నమ్మకం.

డబ్బా అడుగు చిల్లులోంచి నీళ్లు కారడం చూసి ఉడుత ప్రాణం గిలగిల్లాడింది. కొబ్బరి పీచు తెచ్చి బిగించేసింది.

"అమ్మాయ్, వేళ్లకీ గాలి కావాలే! ఆ చిల్లు తెరువు," అంది వానపాము.

"ఊరుకో తాతా! చిప్పతో నీళ్లు మోసేది నువ్వా, నేనా?"

నాలుగు రోజులకు ఆకులు పసుపెక్కాయి. "అయ్యో, దాహమేస్తోంది పాపం!" అని ఉడుత మరో నాలుగు చిప్పలు పోసింది. ఊపిరాడక వానపాము మట్టి పైకి వచ్చేసింది. గోడ మీది గోరింక మెడ వంచి దానివైపే చూసింది.

చెప్పి చెప్పి వానపాముకు విసుగు పుట్టింది. ఇక నీళ్ల మాటే ఎత్తలేదు.

"అమ్మాయ్, పక్క మేడ ఉడుత తన పిల్లల పరుపుకు ఆ పీచు పట్టుకుపోతుందటే!" అంది.

"దాని మొహం! నా పీచు దానికెందుకు?" ఉడుత పీచును ఒక్క గుంజు గుంజి తన గూటికి మోసుకుపోయింది. నీళ్లు బుడబుడా కారిపోయాయి. గోరింక వాలేలోపు వానపాము మట్టిలోకి జారుకుంది.

వారం తిరిగేసరికి తీగ చిగురు వేసింది.

"చూశావా తాతా, నా నీళ్ల మహిమ!"

"అంతా నీ చేతి చలవేనమ్మా," అని నిట్టూర్చి, వానపాము ఆ రోజే తన కాపురాన్ని చిల్లు పక్కకు మార్చుకుంది.