ఎరుపుకి నలుపు

పొద్దున్నే లేచి కుబాత్ చేసే మొదటి పని, చనిపోయిన వదిన పేరుతో భార్య బురుల్‌కి ఒక బొమ్మ పంపడం.

వదిన మారల్, అంటే బురుల్ అక్క, మాస్కోలో బస్సు కింద పడి పోయింది. శవం ఇంటికి, బిష్కేక్‌కి, చేరాలంటే సవాలక్ష కాగితాలు. అందాకా చెల్లెలి చెవిన వేయకూడదు. వేసేది మొగుడు కాదు, పెద్దలంతా కలిసొచ్చి కూర్చుని చెప్పాలి. ఆనవాయితీ అది.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే పిచ్చి. ఎక్కడో ఉన్న క్వాంటం కంప్యూటర్ జంట కణాలను కొలిచి, గడులు గడులుగా రెండు బొమ్మలిస్తుంది. ఒకటి మారల్‌కి, ఒకటి బురుల్‌కి. ఇందులో ఎరుపు పడిన చోట అందులో నలుపు. అక్క తన బొమ్మ పంపగానే బురుల్ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఉన్ని కత్తిరించి జత తివాచీలు కుట్టేది. యంత్రం ఏదిస్తే అదే కుట్టాలి, సొంత తెలివి చూపకూడదని ఒట్టు. రోజూ ఫోన్లో "నీవైపే" అంటే "కాదే, నీవైపే" అని పోట్లాడుకుని పగలబడి నవ్వేవారు. ఆ గొడవేమిటో కుబాత్ ఎప్పుడూ పట్టించుకోలేదు.

వదిన బొమ్మ తయారుచేయడం అతనికి చిటికెలో పని. భార్య బొమ్మలో ఎరుపుని నలుపు, నలుపుని ఎరుపు చేస్తే సరి! వదిన ఫోన్ పాడైందని, బొమ్మ తనకి మెయిల్లో వస్తోందని బురుల్‌కి చెప్పాడు.

"అక్క ఫోన్ ఇంకా బాగవలేదా?" అని మొదట్లో అడిగింది బురుల్. తర్వాత అడగడం మానేసింది. బతికిపోయాననుకున్నాడు.

"ఇవాళ్టిది కుదిరిందా?" అని అతనే అడిగేవాడు.

"బాగా కుదిరింది" అంటూ కత్తెర అందుకునేది. పక్కన టీ చల్లారిపోయేది. మాటా లేదు, నవ్వూ లేదు. పని ధ్యాసలో ఉందనుకున్నాడు. అతనికీ ఏమీ అనిపించడం మానేసింది. ఏడవాల్సినది దాచి దాచి మొద్దుబారిపోయాడు.

శుక్రవారం తెల్ల ఉన్ని టోపీలు పెట్టుకుని పెద్దలొచ్చారు. ముందు బురుల్ మేనమామ. ఆమె లేవలేదు, సూది ఆపలేదు.

"అమ్మా బురుల్, గుండె దిటవు చేసుకో..." ఆయన గుమ్మంలోనే ఆగాడు.

"కూర్చో మామయ్యా. నాకు తెలుసు."

కుబాత్ తెల్లబోయాడు. "ఎవరు చెప్పారు?"

"నువ్వే." బురుల్ పంటితో దారం తెంపింది. "ఆ మిషను రోజూ ఎక్కడో అక్కడ రెండు మూడు గడులు తప్పేది, ఆ తప్పు ఎవరివైపో అనే అక్కా నేనూ పోట్లాడుకునేది. అక్క ఫోన్ పాడైన రోజు నుంచి ఒక్కటీ తప్పలేదు."