విరగని యాక్సిల్

కార్లకు నోరొచ్చాక మా మెకానిక్కులకు మనశ్శాంతి పోయింది. ఒక్కటీ నిజం చెప్పి చావదు.

ఆదివారం పొద్దున్నే సన్యాసిరావు గారు తమ ఆటోమేటిక్ కారును చెమటలు కక్కుతూ నా షెడ్డుకు తోసుకొచ్చారు. పట్టుచీరలో ఆయన భార్య హైమవతి గారు స్టీరింగ్ పట్టుకున్నారు.

"యాక్సిల్ విరిగిందక్కా," అని మూలిగింది కారు. "డ్రైవ్‌లో పెడితే ఇంజన్ అరుస్తోంది గానీ చక్రం తిరగట్లేదు."

"ఏదీ, రివర్స్‌లో వెళ్ళు."

శుభ్రంగా వెనక్కి వెళ్ళింది.

"యాక్సిల్ విరిగితే ముందుకీ పోవు, వెనక్కీ పోవు. ఎవరికే కథలు చెబుతున్నావు? ఎక్కడికి బయల్దేరారమ్మా?"

"అనకాపల్లి. మా తమ్ముడి గృహప్రవేశం. ఆడపడుచుని, పాలు పొంగించాల్సింది నేనే!" అన్నారు హైమవతి గారు.

కారు కాసేపు నసిగింది. "మేడమ్ పుట్టింటివైపు బయల్దేరితే ఇలా చెప్పమని సారే నేర్పారు. రివర్స్‌లోనూ కదలకూడదని ఆయనకీ తెలీదు."

సన్యాసిరావు గారు నా స్పానర్ల వంక చాలా శ్రద్ధగా చూడసాగారు.

హైమవతి గారు డ్రైవ్‌లో వేశారు. కారు చెంగున ముందుకు దూకింది. గేటు దగ్గర ఆగి, అద్దం దించి నాతో అన్నారు:

"ఈయనకి ఏ పార్టు పోయిందో చూసి ఉంచమ్మా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను."