కౌగిలెడు కోటు

"మీ హిల్కా అక్కకి తెలియకుండా ఆమెకో కోటు కుట్టాలమ్మాయ్," అన్నాడు ఉర్హో, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ.

"మరి కొలతలో?"

మా వాసా ఊరికంతా ఉత్తరాలు పంచే పెద్దమనిషి, దుకాణం మధ్యలో గాలిని కౌగిలించుకుని నిలబడ్డాడు. "లావు ఇంత. కానియ్యి, చేతులు లాగుతున్నాయి."

ఆ ఖాళీ చుట్టూ టేపు తిప్పాను. నూట ఇరవై సెంటీమీటర్లు. "అక్క ఊపిరి బిగపట్టలేదు కదా?"

"లేదు," అన్నాడు గంభీరంగా.

క్రిస్మస్ వెళ్లిన వారానికి ఆయన భార్య హిల్కా ఆ కోటు తొడుక్కునే వచ్చింది. లోపల ఇంకో మనిషి పట్టేంత వదులు.

"కొలత తప్పిందక్కా. బిగించి ఇస్తాను."

"తప్పలేదమ్మాయ్. ఆయన ఆఖరుసారి కౌగిలించుకున్నప్పుడు మా పిల్ల నా కడుపులో ఉంది. దానికిప్పుడు నలభయ్యేళ్లు."