రెండు పిడుల కోతమిషను

నమ్మితే నమ్మండి, ఆ విత్తనాల ఆఫీసులో కుర్చీలన్నీ నిండుగానే ఉండేవి గానీ, కూర్చున్నవాళ్లంతా యంత్రం గాల్లో వేసే వెలుగుబొమ్మలే. అసలు మనుషులు ఎవరిళ్లలో వాళ్లుండేవారు. ఆ అంతస్తులో ఒళ్లున్నవాడు వీరాస్వామి ఒక్కడే. విత్తనాల బస్తాకు అట్టచీటీ కట్టి తీరాలని చట్టం పట్టుబట్టింది కాబట్టి, ఆ చీటీలు కోయడానికి అతణ్ణి ఉంచారు. తుమ్మితే "చిరంజీవ" అనే నాథుడు లేడు.

పాత కోతమిషను అరిగిపోతే, కొత్తది ఎంచుకోమన్నారు. అమ్మకాల బొమ్మ వచ్చి, మిషన్ల బొమ్మలు గాల్లో వరసగా నిలబెట్టి ఊదరగొట్టింది.

"ఇది వెంట్రుకను నిలువునా ఎనిమిది చీలికలు చేస్తుందండీ. ఆ సంగతి వెంట్రుకకు కూడా తెలీదు!"

"ఆ మూలనున్నదో?"

"అది పాతకాలపుది. అటొక పిడి, ఇటొక పిడి. ఇద్దరు మనుషులు ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది."

"నాకదే కావాలి."

"ఈ రోజుల్లో ఆ పాతసామాను ఎందుకయ్యా?" అంది మేనేజరు బొమ్మ.

"వేళ్లు భద్రంగా ఉంటాయి సార్," అన్నాడు వీరాస్వామి, నేల చూపులు చూస్తూ.

మిషను వచ్చింది. బొమ్మల చేతులు పిడిలోంచి గాలిలా దూరిపోయాయి. చేసేది లేక, పై అంతస్తులో ఒంటరిగా కాపలా ఉండే మరియమ్మను పని అయ్యేదాకా సాయముండమని పంపారు.

ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుని రెండో పిడి పట్టుకుంది. వంద అట్టలు ఒక్క దెబ్బకు తెగే ఆ మిషనులో వీరాస్వామి ఒకే ఒక్క అట్ట పెట్టాడు.

"ఇట్లాగైతే పొద్దుగూకుతుందయ్యా!"

"కొత్త మిషను కదమ్మా, అలవాటు పడాలి."

మరియమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తెగిన ముక్కలు పక్కకు తీసి, తనే ఇంకొక్క అట్ట పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.