మాటకి అంటులేదు

"ప్రభురాత్రి భోజనం సిద్ధంగా ఉంది. రండి," అని మూడోసారి పిలిచాడు బర్నబా.

ఒక్కరూ లేవలేదు. డుంబ్రిగుడ దగ్గరి ఆ చిన్న లూథరన్ గుడిలో చాపలమీద కూర్చున్నవాళ్ళంతా నేలచూపులు చూస్తున్నారు. కొత్త తెల్లంగీలో, చేతిలో రొట్టెపళ్ళెంతో బర్నబాకి చెమటలు పోస్తున్నాయి. మొన్నటిదాకా అతను ఉపదేశి. ఉపదేశి పాఠం చెప్పొచ్చు గానీ రొట్టె ఇవ్వకూడదు. దానికి పాడేరు నుంచి గురుపట్టం పొందిన అయ్యగారు జీపెక్కి రావాల్సిందే. బర్నబాకి గురుపట్టం వచ్చాక ఇదే మొదటి ఆదివారం.

"ఏం పెద్దా, నువ్వైనా లే," అన్నాడు సంఘపెద్ద సోంబరుతో.

సోంబరు గొంతు సవరించుకున్నాడు. "కోపం తెచ్చుకోకు ఉపదేశీ."

"ఇప్పుడు ఉపదేశిని కాను. అయ్యగారిని."

"అయ్యగారివే. కాదన్నామా? అలాగని బారికి కొడుకువి కాకుండా పోనావేటి?"

బర్నబా తండ్రి ఊరి బారికి. పెద్దల కబుర్లు ఇంటింటికీ మోస్తూ, ఒక్క గడపా తొక్కకుండా, పైనుంచి పోసిన నీళ్ళు దోసిట పట్టుకు తాగి బతికినవాడు.

"పది ఆజ్ఞలూ నా నోటివెంటే నేర్చుకున్నారు కదయ్యా! అప్పుడు లేని అంటు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?"

"మాటకి అంటులేదు. సెవిలోకెల్తాది. రొట్టి కడుపులోకెల్తాది," అన్నాడు సోంబరు, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినంత నెమ్మదిగా. "పోనీ, ఒక పని సేద్దుం. మేం అడ్డాకు పట్టుకుంటాం. నువ్వు తగలకుండా పైనుంచి జారిడిసీ."

బర్నబాకి ఒళ్ళు మండిపోయింది. "కుక్కకి పడేసినట్టా? ఇది క్రీస్తు శరీరం! చేతికి చెయ్యి తగిలేలాగే ఇస్తాను. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే పొండి!"

పోయారు. పొమ్మన్నాక ఉండడానికి వాళ్ళకేం పట్టింది? ఖాళీ చాపలు చూసి బర్నబాకి ఏడుపొచ్చింది. ఒక్కడు, ఒకే ఒక్కడు నా చేతి రొట్టె తింటే చాలు ప్రభువా, అనుకున్నాడు.

గుమ్మం అవతల ఎవరో దగ్గారు. అప్పలస్వామి. అరకు రైలుస్టేషన్లో పాయిఖానాలు ఎత్తిపోసే మనిషి. పోయిన నెలలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. భయంభయంగా లోపలికొచ్చి, మోకరించి, రెండు చేతులూ చాపాడు.

"నాకెట్టండి, అయ్యగారూ."

అడగకుండా తనను అలా పిలిచిన మొదటి మనిషి. బర్నబా కళ్ళు నిండిపోయాయి.

"రా తమ్ముడూ," అంటూ రొట్టెముక్క తీసి వంగాడు.

చాచిన ఆ అరచేతులకి జానెడు ఎత్తులో అతని చెయ్యి దానంతటదే ఆగిపోయి, ముక్కని జారవిడిచింది.