దిగుడులో ఆగిన జీపు

గౌరయ్య పోయిన రోజున రావల్కోల్ రోడ్డు దిగుడులో అతని జీపు ఆగలేదు.

తెల్లారకముందే కూరగాయల గంపలతో మేడ్చల్ బయలుదేరాడు. దిగుడు చివర జీపు రాతిగోడకు గుద్దుకుంది. కొడుకు నగేష్ వచ్చేసరికి ఊపిరి లేదు.

నిద్రపోయాడన్నారు కొందరు. తాగాడన్నారు కొందరు. చూసినవాళ్ళు మాత్రం లేరు.

తల్లి దుర్గమ్మ అడిగేది ఒక్కటే.

"పొయ్యేటప్పుడు మీ బాపు ఏమన్నడు బిడ్డా? ఒక్కడే పాయెనా?"

నగేష్‌కు చేతనైంది ఒకటే ఉంది. జీపును మేడ్చల్‌లో బాలేష్ షెడ్డుకు లాక్కెళ్ళాడు.

పాతకాలపు బండి. అన్ని చక్రాలకూ పట్టు తక్కువ డ్రమ్ బ్రేకులే. మార్పిద్దామంటే గౌరయ్య నవ్వేవాడు. "నా కాలున్నది గదరా. సాలదా?"

"తుక్కుకు అమ్మరాదే అన్నా," అన్నాడు బాలేష్.

"తుక్కుకు ఇయ్య. ముందర చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టు. పెడల్‌కు బూస్టర్ పెట్టు. బ్రేకు నూనె పైపులన్ని కొత్తయి ఎయ్యి. గదే దిగుడుల ఆపి సూస్త."

"మీ అమ్మ ఎక్కుతదా మల్ల?"

"ఆగితే ఎక్కుతది."

పని పూర్తయిన ఉదయం నగేష్ పెడల్ తొక్కాడు. అది మెత్తగా లోపలికి పోయింది. అతను బాలేష్ వైపు చూశాడు.

"పరేషాన్ గాకు, పైపుల గాలున్నది. తొక్కు… పట్టు… ఇగ ఇడువు."

పైపులోంచి నూనెతోపాటు బుడగలు వచ్చాయి. ఆగిపోయాయి. ఈసారి పెడల్ గట్టిగా నిలబడింది.

బాలేష్ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. నగేష్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

సరిగ్గా అప్పుడే గేటులోకి ఒక ఆడమనిషి వచ్చింది. చేతికి కట్టు. నుదుట బొట్టు లేదు.

"గీ జీపు గౌరయ్యదేనా?"

"ఏందమ్మా, బండి తీసేటప్పుడు ఎదురొస్తవ్!" బాలేష్ అరిచాడు. "గోడ అవుతలకి పో! జల్దీ!"

"ఆయన కొడుకుతోని ఒక్క మాట…"

"పో అంటున్న గదా! అన్నా, నువ్వు ఇంజన్ బంజెయ్. నీళ్ళు తాగి మల్ల తీద్దం."

నగేష్ ముఖం తిప్పుకున్నాడు. ఇంట్లో తన తల్లి నుదురు కూడా ఖాళీగానే ఉందని ఆ క్షణాన అతనికి తట్టలేదు.

నీళ్ళు తాగి, పైపులు మరోసారి తడిమి చూసుకుని బయలుదేరేసరికి ఎండెక్కింది.

దిగుడు మొదట్లో గేరు తీసేశాడు. జీపు వేగం అందుకుంది. స్టీరింగ్ వణికింది. రాతిగోడ దగ్గరవుతోంది.

రోడ్డు మీదికి ఎవరో చెయ్యెత్తుకుని వచ్చారు.

నగేష్ బ్రేకు తొక్కాడు.

టైర్లు కీచుమన్నాయి. బంపరు ఆమె మోకాళ్ళకు జానెడు దూరంలో నిలిచింది.

అదే మనిషి. కట్టు లేని చెయ్యి బానెట్ మీద వేసింది.

"ఆగింది," అంది. "ఆగింది బిడ్డా."

"సస్తవా? ఆడ ఎదురొస్తివి, ఈడ ఎదురొస్తివి! మా బాపు గీడనే పోయిండు, ఎర్కేనా?"

"ఎర్కే బిడ్డా. గా దినం…"

"అందరికి ఎర్కే! అందరు జెప్పెటోళ్ళే! ఒకడు తాగిండంటడు, ఒకడు పండిండంటడు. నువ్వు కొత్తగ ఏం జెప్తవ్? జరుగు!"

వెనక లారీ హారన్ కొట్టింది. ఆమె జరిగింది.

మధ్యాహ్నం నగేష్ తల్లిని ఎక్కించుకుని మళ్ళీ వచ్చాడు. దుర్గమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. దిగుడు మధ్యలో జీపు కుదుపు లేకుండా ఆగింది. ఆమె కళ్ళు తెరిచింది.

కింద టీకొట్టు నడిపే రోజారాణి పరుగున వచ్చింది.

"నగేష్, ఈదమ్మ కలిసిందా?"

"ఏ ఈదమ్మ?"

"కూలికొచ్చినామె. చెయ్యికి కట్టుంటది. ఈడ పని అయిపాయెనని మేస్త్రీ ఇందాక అందరిని వ్యాన్ల ఎక్కిచ్చుకొని శామీర్‌పేట దిక్కు పోయిండు. ఆడికెల్లి ఏ ఊరో."

"మాకేం పని ఆమెతోని?"

"గా దినం మీ బాపు ఆమెను జీపుల ఎక్కిచ్చుకున్నడట. బ్రేకు పడకపోతే ఒంటిచేత్తో బయటికి నూకిండట. పోలీసోళ్ళు అడుగుతరని బుగులువడి, నువ్వొచ్చేలోపల్నే ఎల్లిపోయిందట. ఇన్ని దినాలు ఎవ్వరికి జెప్పలే. ఇయ్యాల్నే నాకు జెప్పి ఏడ్సింది."

నగేష్ హ్యాండ్‌బ్రేకు వేసి కిందికి దిగాడు.

"అన్న ఒక్కడే పోలేదు వదినే," రోజారాణి దుర్గమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇరిగిన చేత్తోనే ఉరికొచ్చి తల ఒళ్ళె పెట్టుకున్నదట. ఏందో జెప్పిండట."

"ఏం జెప్పిండు?" అడిగింది దుర్గమ్మ.

"నేను గూడ అడిగిన. కొడుక్కే జెప్పమన్నడు, నీకు జెప్ప అన్నది."

నగేష్ వెంటనే జీపు పోనిచ్చినా, శామీర్‌పేట కూలీల అడ్డా మీద ఆ వ్యాను జాడ తెలిసినవాళ్ళు దొరకలేదు. గౌరయ్య చివరి మాటను మోసుకుని రెండుసార్లు ఎదురొచ్చిన ఈదమ్మను నగేష్ ఇంకా వెతికి పట్టుకోవలసే ఉంది.