ఎనిమిదో బంతి

ముసలాయన తువ్వాలు విప్పి ఫుట్‌బాల్‌ను బల్ల మీద పెట్టాడు. సగం గాలి దిగిపోయిన బంతి ఒక పక్కకు ఒరిగింది.

"గిది గీడ ఉండనియ్యి బిడ్డా. దీని జతగాళ్లంత గీడనే ఉన్నరని ఇన్న."

సూర్యాపేట బడిలో ఆటల టీచరుగా పనిచేసే అనురాధ ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఏడు ఫుట్‌బాళ్లు. నలభై ఏళ్ల కిందట ఊరూరా పేరు మోగిన మూసీ లెవెన్ జట్టు జ్ఞాపకాలవి. ఒక్కో బంతి మీద పదకొండు మంది సంతకాలు.

చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని ఆమె వాళ్ల ఆట చూసింది. ఇప్పుడు ఆ తండ్రీ లేడు. ఆటగాళ్లలో సగం మంది పోయారు, మిగిలినవాళ్లు తలో దిక్కుకు చెదిరిపోయారు.

మనుషులు ఎలాగూ మిగలరు, కనీసం వాళ్ల చేతిరాతైనా మిగలాలని అనురాధ తపన.

అందుకే నకిలీలంటే ఆమెకు మంట. కోదాడ నుంచి హాలియా దాకా ఎవరికి పాత సంతకాల బంతి దొరికినా ఆమెకే తెచ్చి చూపిస్తారు. భూతద్దం పట్టి అక్షరం అక్షరం పోలుస్తుంది. అసలైనదైతే కాగితం రాసిస్తుంది. కాకపోతే చెరగని సిరాతో 'నకిలీ' అని దాని మీదే ముద్ర కొడుతుంది, ఇంకొకరు మోసపోకుండా.

ఈ సంగతి ముసలాయనకూ ముందే చెప్పింది. ఆయన తలూపాడు.

పేరు మల్సూర్ అన్నాడు. ఊరు నేరేడుచర్ల దగ్గరి తండా. మర్నాడు హైదరాబాదు దవాఖానలో చేరాలట, గుండెకు ఆపరేషనట. తిరిగి వస్తానో రానో తెలియదనీ, తాను లేకపోతే ఇంట్లో ఈ బంతి ఏ ఎరువు బస్తాల కిందో నలిగిపోతుందనీ చెప్పాడు. పైసా వద్దు, బీరువాలో జర జాగా ఇస్తే చాలన్నాడు.

అనురాధ తన బంతుల్లో ఒకటి తీసి దాని పక్కన పెట్టింది.

తన బంతి మీద కెప్టెన్ రవీందర్ సంతకం గుండ్రంగా, కింద గీతతో ముచ్చటగా ఉంది. ముసలాయన బంతి మీద అదే పేరు కోడి గెలికినట్టుంది. గోల్‌కీపర్‌ది చూసింది, కలవలేదు. పదకొండులో ఒక్కటీ కలవలేదు.

"ఇది నీకెట్ల వచ్చింది తాతా?"

"టీమోళ్లే ఇచ్చిన్రు."

"నువ్వు గూడ ఆడినవా?"

"నేనేడ ఆడిన బిడ్డా. బంతులకు గాలి గొట్టేటోన్ని, బనీన్లు ఉతికేటోన్ని. ఒక్కపారి గోల్‌కీపర్‌కు జరమొస్తె నిలవడ్డ. ఆరు గోల్లు తిన్న. ఇగ మల్ల నిలవెట్టలే."

నవ్వొచ్చినా ఆమె ముఖం సడలనివ్వలేదు.

"గీ ఏడు బంతులు ఏడూళ్లల్ల దొరికినయి. ఇచ్చినోళ్లకు ఒకలకొకలు ఎరుకనే లేదు. అయినా అన్నిటి మీద ఒక్కతీరు సంతకాలే. నీ దాని మీదనే వేరే ఎందుకున్నయి, చెప్పు."

మల్సూర్ బీరువా దగ్గరికి వెళ్లాడు. అద్దానికి ముఖం ఆనించి ఏడు బంతుల్నీ ఒక్కొక్కటిగా చూశాడు. వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు. ఆ బంతుల వైపు చూస్తున్న ఆమె కళ్లలోని మురిపెం చూసి ఆగిపోయాడు.

"మంచిగ దాసినవ్ బిడ్డా. గవ్విటిని గట్లనే ఉండనియ్యి."

"అది జవాబు గాదు తాతా."

"నా తాన గంతకన్న లేదు."

ఆమె ముద్ర బయటికి తీసింది. ముద్ర వద్దు, ఇంటికి పట్టుకుపోతానని ఆయన ఒక్కసారి అడిగాడు. ఇవాళ ఒకరిని వదిలితే రేపు అందరినీ వదలాలని ఆమె అంది. మెత్తబడ్డ బంతి బల్ల మీద నిలవక దొర్లుతుంటే, ఆయనే రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. కెప్టెన్ పేరు మీదుగా ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

బంతిని మళ్లీ తువ్వాలులో చుట్టుకుని, నేరేడుచర్ల బస్సు ఎన్ని గంటలకో కనుక్కుని వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక కబురు తెలిసింది. ఇన్నేళ్లూ మహారాష్ట్రలో ఉన్న కెప్టెన్ రవీందర్ మిర్యాలగూడకు వచ్చేశాడు. అనురాధ ఒక బంతి సంచిలో పెట్టుకుని, దొరికిన మొదటి బస్సు ఎక్కింది.

కెప్టెన్ భార్య శోభ తలుపు తీసింది. ఆయన స్నానం చేస్తున్నాడనీ, పాత దోస్తు దినానికి నేరేడుచర్ల అవతలి తండాకు పోయి ఇప్పుడే వచ్చాడనీ చెప్పింది. ఆపరేషన్ కోసం పోయిన మనిషి శవమై వచ్చాడట.

అనురాధకు మల్సూర్ గుర్తొచ్చాడు. తండాల్లో ముసలివాళ్లు ఎందరు లేరు, ఆయనే ఎందుకవుతాడు అని తనకు తానే చెప్పుకుంది.

కెప్టెన్ వచ్చి కూర్చున్నాక, తెల్ల కాగితం ముందు పెట్టి సంతకం అడిగింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చేశాడు.

కోడి గెలికినట్టుంది.

ఆమె కాగితాన్ని ఆయన వైపు తిప్పింది.

"సార్, మీరు నడుమల సంతకం మార్చిన్రా?"

"ఎందుకు మారుస్త? పదో తరగతి కాంచి గిదే."

సంచిలోని బంతి తీసి ఆయన ఒళ్లో పెట్టింది. గుండ్రటి అక్షరాల మీద ఆయన మెల్లగా వేలు నడిపించాడు. తన పేరు మీద, గోల్‌కీపర్ పేరు మీద, ఒక్కొక్కరి పేరు మీద. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఊరోళ్లకిచ్చే బంతులన్నిటి మీద మా పదకొండు మంది సంతకాలు మల్సూర్ గాడే పెట్టేటోడమ్మా, మేం మా చేతులతోని పెట్టింది ఒక్కదాని మీదనే, టీము ఇడిపోయిన నాడు ఆనికిచ్చిన బంతి మీద."